మెండెల్ అంకెల్ని పిల్లలే లెక్కపెట్టి చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం మన తిరుపతి, చిత్తూరు జిల్లాల బడుల్లో చాలావరకు ఒకే తీరుగా నడుస్తోంది. నల్లబల్ల మీద బఠాణీ మొక్క బొమ్మ, తల్లిదండ్రుల జన్యువులు ఎలా కలుస్తాయో చూపే నాలుగు గడుల చదరం, 3:1 నిష్పత్తి, ఆ పైన బహిర్గతం (ఒక్క ప్రతి ఉన్నా పైకి కనిపించేది), అంతర్గతం (రెండు ప్రతులూ ఉంటేనే కనిపించేది), సమయుగ్మజం (రెండు ప్రతులూ ఒకే రకం), విషమయుగ్మజం (రెండూ వేర్వేరు) అని నిర్వచనాలు. రెండు మూడు పీరియడ్లలో అయిపోతుంది. పరీక్షలో చదరం గీయమంటే పిల్లలు తప్పుల్లేకుండా గీస్తారు. అదే పిల్లల్ని "నున్న గింజల రకాన్నీ ముడత గింజల రకాన్నీ కలిపితే వచ్చిన సంకర మొక్కకు దాని పుప్పొడితోనే నాలుగే గింజలు కాశాయనుకోండి, మూడు నున్నవి, ఒకటి ముడతది అయి తీరుతాయా?" అని అడిగి చూడండి. తరగతిలో ముప్పాతిక మంది "అవును సార్" అంటారు. సరిగ్గా మూడు, ఒకటి వచ్చే అవకాశం 256లో 108, అంటే 42 శాతమే. నాలుగూ నున్నవే అయ్యే అవకాశం 256లో 81, దాదాపు 32 శాతం. చదరం వచ్చింది కానీ అది చెప్పే మాట రాలేదు. రేపు ఈ పిల్లలే పెద్దవాళ్లై, "మొదటి బిడ్డకు జబ్బు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదు" అని నమ్మితే తప్పు వాళ్లది కాదు, మనం చెప్పిన తీరుది.

పాఠాన్ని తలకిందులుగా చెబుతున్నామని నా అభిప్రాయం. మెండెల్‌కు మొదట దొరికినవి అంకెలు. 1856 నుంచి 1863 దాకా బఠాణీలు పెంచి, రెండో తరంలో 7,324 గింజలు లెక్కపెడితే 5,474 నున్నవి, 1,850 ముడతవి వచ్చాయి. భాగిస్తే 2.96:1. గింజ రంగులో 6,022 పసుపు, 2,001 ఆకుపచ్చ. ఇంత దగ్గరి నిష్పత్తి మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోందన్న ప్రశ్న నుంచే ఆయనకు సూత్రం పుట్టింది, 1866లో అచ్చయింది. మన తరగతిలో సూత్రం మొదట వస్తుంది, అంకెలు అసలే రావు. లెక్కపెట్టడానికి చేతిలో గింజ లేనప్పుడు "అన్వేషణ పద్ధతిలో బోధించాలి" అని శిక్షణ తరగతుల్లో ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

గింజ లేని కొరతను తీర్చడానికి చాలామందిమి పిల్లల ఒంటినే ప్రయోగశాల చేస్తున్నాం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఈ పాఠంలోని మొదటి కృత్యమే చెవి తమ్మెలది. తరగతిలో ఎవరి తమ్మె వేలాడుతోంది, ఎవరిది అతుక్కుంది, వాళ్ల అమ్మానాన్నలది ఎలా ఉంది అని పట్టిక రాసి, అనువంశిక నియమం ఊహించమంటుంది. నిజాయితీగా చేస్తే ఏ నియమమూ రాదు. తమ్మెలు రెండు రకాలుగా విడిపోయి ఉండవు. పూర్తిగా వేలాడేవాటికీ పూర్తిగా అతికినవాటికీ నడుమ అన్ని మెట్లూ ఉంటాయి. 2017లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో తమ్మె అతుకుతో ముడిపడ్డ స్థానాలు మన డీఎన్‌ఏలో 49 కనబడ్డాయి. నాలుక గొట్టంలా చుట్టడం కూడా అంతే. 1940లో అమెరికా జన్యుశాస్త్రవేత్త స్టర్టివాంట్ దాన్ని అనువంశిక లక్షణంగా ప్రతిపాదించారు. 1952లో ఒకే పిండం నుంచి పుట్టిన కవలల్ని చూస్తే, కొన్ని జంటల్లో ఒకరు చుట్టగలరు, రెండోవారు చుట్టలేరు. పాఠ్యపుస్తకాల్లో ఆ ఉదాహరణ ఇంకా కొనసాగడం తనకు ఇబ్బందిగా ఉందని 1965లో స్టర్టివాంటే రాశారు. అయినా మన బడుల్లో నాలుకలు చుట్టిస్తూనే ఉన్నాం.

ఇందులో శాస్త్రం తప్పడం ఒకటైతే, పిల్లల మనసు నొచ్చడం మరొకటి. పెంపుడు బిడ్డ ఉంటుంది. తండ్రి లేని బిడ్డ ఉంటుంది. "మీ నాన్నది చూసి రా" అంటే ఏం చూసి రావాలి? బ్లడ్ గ్రూపులతో తల్లిదండ్రుల పట్టిక వేయించడం ఇంకా ప్రమాదం. పాఠం ప్రకారం రాకూడని గ్రూపు ఒక బిడ్డకు కనబడితే తరగతి మొత్తం ముందు ఆ కుటుంబాన్ని నిలబెట్టినట్టే. కొన్ని సందర్భాల్లో కార్డు మీద గ్రూపే తప్పు రాసి ఉండొచ్చు, లేదా 1952లో మొదట గుర్తించిన బాంబే గ్రూపు లాంటి అరుదైన రకమూ కావచ్చు. బడిలో ఎవరి కుటుంబాన్నీ లెక్కలోకి తీసుకోవద్దు. ఈ ఒక్క మాట మీద మాత్రం సర్దుబాటు కుదరదు.

మరి గింజ ఎక్కడిది? బఠాణీకి చలి కావాలి, మన ఎండకు ఆగదు. మనకు సరిపడేది మొక్కజొన్న. స్వీట్‌కార్న్ కప్పుల్లో పెట్టి అమ్మే బండ్లు తిరుపతిలో వీధివీధినా ఉన్నాయి కాబట్టి పిల్లలకు దాన్ని పరిచయం చేయాల్సిన పనీ లేదు. పచ్చిగా ఉన్నప్పుడు స్వీట్‌కార్న్ గింజ, మామూలు మొక్కజొన్న గింజ ఒకేలా నిండుగా కనిపిస్తాయి. ఎండనివ్వండి. మామూలుది నున్నగా, గట్టిగా ఉంటుంది. స్వీట్‌కార్న్ గింజ ముడతలు పడి, లోపలికి పీక్కుపోయి, అద్దంలా పలచగా అవుతుంది. ఇప్పుడు దుకాణాల్లో దొరికే ఎక్కువ రకాల్లో చక్కెరను పిండిగా మార్చే దారిలోని ఒక ఎంజైమ్ తాలూకు జన్యువు పాడై ఉంటుంది. చక్కెర చక్కెరగానే నిలిచిపోతుంది, నీటిని పట్టి ఉంచుతుంది. నీరు ఆరిపోగానే నింపడానికి లోపల పిండి ఉండదు, గింజ కుంగుతుంది. మెండెల్ ముడత బఠాణీలోనూ కథ దాదాపు ఇదే, అక్కడ పిండి తయారుచేసే మరో ఎంజైమ్ పాడైంది. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటి బాగున్నా సరిపడా పిండి తయారవుతుంది కాబట్టే నున్నది బహిర్గతం. ఈ మాట ఒక్కటి చెబితే చాలు, ఒక జన్యువు మరో జన్యువును తొక్కేస్తుందన్న అపోహ పిల్లల్లో నిలవదు. నూరేసి గింజలు తూచి చూపితే తేడా ఇంకా బాగా అర్థమవుతుంది, ముడతవి చాలా తేలిక.

మొక్కజొన్నలో ఇంకో సౌకర్యం ఉంది. గింజ అంటేనే తర్వాతి తరం. పుప్పొడి ఏ మొక్కదో ఆ ప్రభావం అదే కంకి మీద, అదే పంటలో కనిపిస్తుంది. ఒక్క కంకిలో మూడు నాలుగు వందల గింజలు, అంటే అంతమంది తోబుట్టువులు ఒకే చోట వరసల్లో కూర్చుని ఉంటారు. ఇంతకన్నా మంచి లెక్కల పుస్తకం దొరకదు.

పండించే పద్ధతి చెబుతాను. రెండు పంటలు కావాలి, అందుకే తొమ్మిదో తరగతిలో పండించి పదో తరగతిలో లెక్కపెట్టాలి. పదిలోనే మొదలుపెడితే కంకులు చేతికి వచ్చేసరికి పబ్లిక్ పరీక్షలు తలమీదికి వస్తాయి.

మొదటి పంట జూన్ చివర. నాలుగు సాళ్లు స్వీట్‌కార్న్, వాటికి అటూ ఇటూ ఒక్కో సాలు మామూలు మొక్కజొన్న, సాలుకు పది మొక్కలు. సాళ్ల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 20. నాలుగు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు స్థలం చాలు. ఒకే పొడుగాటి సాలుగా మాత్రం వేయొద్దు. పుప్పొడి గాలికి పక్కకు ఎగిరిపోయి కంకులు బొక్కి పళ్లలా వస్తాయి. విత్తనం విత్తనాల దుకాణంలో ప్యాకెట్టే కొనాలి. బండి మీద అమ్మే కంకి పాలదశలో కోసింది, దాని గింజ మొలవదు. ప్యాకెట్ గింజలకు మందు పట్టించి రంగు పూస్తారు, పిల్లలు చేతికి తొడుగు వేసుకునే ముట్టుకోవాలి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. స్వీట్‌కార్న్ గింజలో నిల్వ తిండి తక్కువ, అందుకని లోతుగా పడితే పైకి రాలేదు. మామూలుది నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేస్తే దీన్ని రెండు మూడు సెంటీమీటర్ల లోతులోనే వేసి, గుంటకు రెండు గింజలు పెట్టి, మొలిచాక ఒకటి పీకేయాలి. నీరు నిలిస్తే కుళ్లుతుంది. మామూలు మొక్కజొన్నలో సగాన్ని అదే రోజు, మిగతా సగాన్ని ఆరేడు రోజుల తర్వాత విత్తాలి. రెండింటి పూత ఒకే వారంలో పడుతుందన్న నమ్మకం లేదు.

దాదాపు యాభై రోజులకు కొసన మగపూత తొంగిచూస్తుంది. ఇక్కడే అసలు పని. స్వీట్‌కార్న్ మొక్కలన్నిటికీ మగపూత పూర్తిగా ఆకుల్లోంచి బయటికి వచ్చి, పుప్పొడి రాలకముందే పీకేయాలి. ఒక చేత్తో కాండం పట్టుకుని రెండో చేత్తో పూతను నిటారుగా పైకి లాగితే వచ్చేస్తుంది. వంచి లాగితే పై ఆకులు కూడా ఊడొస్తాయి, గింజ చిన్నదవుతుంది. అన్నీ ఒకే రోజు రావు, పది రోజుల పాటు రోజూ ఉదయం బడి గంట కొట్టకముందే ఇద్దరు పిల్లలు సాళ్లు తిరిగి చూడాలి. ఆదివారం మరిచిపోతే అదే రోజు ఒక మొక్క రాల్చేస్తుంది. పీకేశాక మిగిలేది మామూలు మొక్కజొన్న పుప్పొడే కాబట్టి కవర్లు కట్టే పని లేకుండా గాలే సంకరం చేసేస్తుంది. పీచు ఒక్కో పోగుకు ఒక్కో గింజ. ఈ సంగతి పిల్లలు పీచు పట్టుకుని లోపలికి వెతుక్కుంటూ వెళ్లి తామే కనిపెట్టగలరు, చెప్పేయకండి.

కత్తెర పురుగు తప్పకుండా వస్తుంది. 2018 నుంచి మన ప్రాంతంలో మొక్కజొన్న వేసిన ప్రతివాళ్లకూ అది తెలుసు. సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనబడగానే పురుగును చేత్తో ఏరి, సుడిలో చిటికెడు సన్న ఇసుక వేయాలి. బడి ఆవరణలో మందులు కొట్టొద్దు. శేషాచలం కొండల వారన ఉన్న బడుల్లో కోతులు కంకి పాలు పట్టేదాకా ఆగవు. అక్కడ పెంచడం కన్నా, కంకుల్ని వేరే చోటి నుంచి తెప్పించుకోవడమే నయం.

అక్టోబరులో స్వీట్‌కార్న్ కంకుల్ని పైపొరలు ఎండిపోయాక కోసి, వారం పాటు ఎండబెట్టాలి. ముడత పూర్తిగా ఎండాకే తెలుస్తుంది, తొందరపడి లెక్కపెడితే సగం తప్పు. ఇప్పుడు ముడతల స్వీట్‌కార్న్ తల్లి కంకి మీద గింజలన్నీ నున్నగా ఉంటాయి. ఎక్కడైనా ఒకటి రెండు ముడతవి కనబడితే ఎవరో మగపూత ఒకటి వదిలేశారని అర్థం, పొరపాటును గింజే చూపిస్తుంది. వాటిని తీసేసి నున్నవాటినే రెండో పంటకు వాడాలి.

రెండో పంట అక్టోబరు ఆఖరున లేదా నవంబరులో. మనకు ఈశాన్య రుతుపవనాల వాన అప్పుడే ముంచుతుంది కాబట్టి బోదెలు తోలి వాటి మీదే విత్తాలి. ఆరు సాళ్లు, సాలుకు పది మొక్కలు, అన్నీ మొదటి పంటలో వచ్చిన నున్న గింజలవే. మధ్యలో నాలుగు గుంటల్లో మాత్రం మొదటి ప్యాకెట్టులోని స్వీట్‌కార్న్ పెట్టండి, రెండు గుంటలు అదే రోజు, రెండు ఐదు రోజుల ముందు. ఆ నాలుగింటి మగపూత మాత్రమే పీకేయాలి, మిగతావాటిని ముట్టుకోవద్దు. సంకర మొక్కల పుప్పొడి ఒకదానిమీద ఒకటి పడి వాటి కంకుల్లో 3:1 వస్తుంది. అదే పుప్పొడి స్వీట్‌కార్న్ మీద పడి 1:1 వస్తుంది. అదే ప్యాకెట్టు అని ఎందుకు అంటున్నానంటే, స్వీట్‌కార్న్ రకాలన్నిటిలోనూ పాడైన జన్యువు ఒకటే కాదు. వేరే జన్యువు పాడైన రకం తెచ్చి కలిపితే ఒకదాని లోటును ఇంకొకటి తీర్చి గింజలన్నీ నున్నగా వచ్చేస్తాయి, టీచరు తల పట్టుకోవాల్సి వస్తుంది. పాప్‌కార్న్ కూడా వద్దు, కొన్ని రకాల పాప్‌కార్న్ పీచు ఇతర మొక్కజొన్న పుప్పొడిని స్వీకరించదు. దగ్గర్లో రైతు మొక్కజొన్న వేసి ఉంటే రెండు మూడు వందల మీటర్ల దూరమైనా ఉండాలి, లేకపోతే పూత మూడు నాలుగు వారాలు తేడా పడేలా విత్తుకోవాలి. బయటి పుప్పొడి పడితే ఈ పంటలో కంటికి ఏమీ తెలియదు, ముడత గింజలు నాలుగో వంతు కన్నా తక్కువ వస్తాయి, అంతే.

ఫిబ్రవరిలో కోసి ఎండబెట్టి, ముక్కుపురుగు పట్టకుండా వారం రోజులు ఎవరి ఇంటి ఫ్రిజ్‌లోనైనా ఐస్ గదిలో పెట్టి, తర్వాత గాలి చొరబడని డబ్బాలో ఉంచితే కంకులు ఏళ్ల తరబడి పనికొస్తాయి. అంటే ఒక్కసారి పండిస్తే చాలు, ఐదారు బ్యాచ్‌లు లెక్కపెట్టుకోవచ్చు.

ఇక తరగతి గది. మొదటి పీరియడ్‌లో జన్యువు అన్న మాట పలకకూడదు. నాలుగు కంకులు బల్ల మీద పెట్టాలి: ఎండిన స్వీట్‌కార్న్, మామూలు మొక్కజొన్న, వాటికి పుట్టిన మొదటి తరం కంకి, ఆ గింజలకు పుట్టిన రెండో తరం కంకి. 1:1 కంకిని బీరువాలో దాచాలి. ఏది దేనికి పుట్టిందో మాత్రమే చెప్పి, మీకు వచ్చిన ప్రశ్న రాయండి అనాలి. మొదటి తరం కంకి చూశాక పిల్లలు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. రెండూ కలిసిపోయాయి అని కొందరు, నున్నదాని బలం ముందు ముడతది పోయింది అని కొందరు. రెంటినీ నల్లబల్ల మీద రాయాలి, కొట్టేయకూడదు. కలిసిపోతే సగం సగం ముడత పడాలి కదా, పోయినదైతే మనవడి దగ్గర ఎలా తిరిగొచ్చింది అన్న ప్రశ్నలు రెండో తరం కంకే అడుగుతుంది.

రెండో పీరియడ్ పూర్తిగా లెక్కకే. కంకికి ఇద్దరు. ఒక వరస మొదట్లో గుండుసూది గుచ్చి అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ఒకరు "నున్న, నున్న, ముడత" అని చదువుతారు, ఒకరు గీతలు గీస్తారు. తర్వాత చోట్లు మార్చుకుని మళ్లీ లెక్కించాలి. రెండు లెక్కలకూ ఐదు కన్నా ఎక్కువ తేడా ఉంటే మూడో లెక్క. కంకి కొసన రెండు మూడు సెంటీమీటర్ల మేర గింజలు సరిగ్గా నిండక ముడతల్లా కనిపిస్తాయి, వాటిని లెక్కలోంచి తీసేస్తున్నామని ముందే నిర్ణయించుకోవాలి, చూశాక కాదు. పురుగు తిన్నవీ అంతే. వరసల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యే ఉంటుంది, 14, 16 అలా. ఎందుకని పిల్లలు అడిగితే జంట జంటగా పుడతాయని చెప్పి ముందుకు సాగండి, అది వేరే పాఠం.

ప్రతి జంటా మొదటి 8 గింజల లెక్క, మొదటి 40 లెక్క, మొత్తం లెక్క మూడూ విడివిడిగా రాయాలి. ఇదే ఈ పాఠం ప్రాణం. ఎనిమిదింటిలో ఒకరికి ముడతవి సున్నా, పక్కవాళ్లకు నాలుగు. నలభైలో ఏడూ ఉంటాయి, పదమూడూ ఉంటాయి. నాలుగు వందలకు వచ్చేసరికి నూటిలో తొంభై అయిదు కంకులు 83కీ 117కీ మధ్య పడాలి. అన్ని కంకులూ కలిపితే మెండెల్ అంకె పక్కన పెట్టి పోల్చేంత దగ్గరికి వస్తుంది. 3:1 అనేది ప్రతి నాలుగు గింజలకూ పెట్టిన షరతు కాదని పిల్లలకు అప్పుడు వేళ్లతోనే తెలుస్తుంది. ఇక్కడ టీచర్లు చేసే తప్పు ఒకటుంది. ఎవరికైనా 2.6 వస్తే "మళ్లీ లెక్కపెట్టు" అంటాం, 3.0 వస్తే "శభాష్" అంటాం. రెండో రోజు నుంచి పిల్లలందరికీ 3.0 వస్తుంది, లెక్కపెట్టకుండానే. ఫార్మేటివ్ మార్కులు నిష్పత్తికి ఇవ్వకూడదు. పెన్నుతో గీసి, చెరపకుండా ఉంచిన గీతల కాగితానికే ఇవ్వాలి.

మూడో పీరియడ్‌లో వివరణ కట్టడం. దర్జీ సరుకులు అమ్మే చోట ఒకే సైజు గుండీలు రెండు రంగుల్లో తెచ్చి, రెండు సంచుల్లో ఒక్కో రంగువి ఇరవై చొప్పున వేయాలి. ఒక సంచి తల్లి, ఒక సంచి తండ్రి. చూడకుండా ఒక్కోటి తీసి, రాసి, మళ్లీ సంచిలో వేసి కలపాలి. తిరిగి వేయకపోతే సంచిలో రంగుల పాలు మారిపోతుంది. మొక్కలో అలా జరగదు, పుప్పొడి అయిపోయేది కాదు. చింతగింజల్ని ఒకవైపు అరగదీసి వాడేవారున్నారు, వద్దు. గరుకు వేలికి తగులుతుంది, పిల్లలు తెలియకుండానే ఏరుకుంటారు. ఒక్కో లక్షణానికి రెండు గుండీలుంటే, ఒక్కటే బిడ్డకు పోతే, ఒక్క మంచి గుండీ ఉన్నా గింజ నున్నగా ఉంటే, ఈ మూడు నియమాలతో కంకి అంకెలు వస్తున్నాయా అని పిల్లలే సరిచూసుకోవాలి. చదరం అప్పుడు గీయాలి. అప్పటికది వాళ్లు చేసిన పనికి పటం అవుతుంది.

నాలుగో పీరియడ్ బీరువా తలుపు తీసే రోజు. సంకర మొక్క పుప్పొడి స్వీట్‌కార్న్ మీద పడితే ఏం వస్తుందో ముందు రాయించి, కాగితాలు మడిచి తీసుకుని, అప్పుడు కంకి బయటపెట్టాలి. ముందే చెప్పిన అంకె తర్వాత ఎదురుగా కనిపించడమంటే ఏమిటో పదిహేనేళ్ల పిల్లలకు ఒక్కసారైనా తెలియాలి. బహిర్గతం, అంతర్గతం, దృశ్యరూపం, జన్యురూపం అన్న పేర్లు ఆ తర్వాత చెబితే ఒక్క పీరియడ్ చాలు. అప్పుడే ఇంకో మాట కూడా. బహిర్గతమంటే ఎక్కువమందిలో ఉండేది కాదు. ఓ బ్లడ్ గ్రూపు అంతర్గతమే, అయినా ఎందరికో ఉంది.

పాఠ్యపుస్తకంలో మంచి ప్రశ్న కూడా ఒకటుంది. రెండో తరంలో 1:2:1 నిజంగా ఉందని ఏ ప్రయోగంతో నిర్ధారిస్తారని అడుగుతుంది. మనం దానికి జవాబు డిక్టేట్ చేస్తున్నాం. రెండో తరం నున్న గింజలు పన్నెండు నాటి, ఈసారి మాత్రం కంకికీ మగపూతకూ కవరు కట్టి ఎవరి పుప్పొడి వారికే వేస్తే, మూడింట ఒకటి పూర్తి నున్న కంకి, మూడింట రెండు మిశ్రమ కంకి రావాలి. మెండెల్ పొడవు మొక్కలతో ఇదే చేసి 100లో 28 శుద్ధమైనవి, 72 మిశ్రమం అన్నారు. కానీ ఒక్కో మొక్క నుంచి ఆయన నాటింది పది గింజలే. మిశ్రమ మొక్క అయినా పదికి పదీ పొడుగ్గానే వచ్చే అవకాశం 5.6 శాతం ఉందని, అలాంటివి శుద్ధమైనవిగా లెక్కలో పడి ఉండాలని 1936లో గణాంక శాస్త్రవేత్త ఫిషర్ చూపారు. మూడు వందల గింజల కంకికి ఆ ఇబ్బంది లేదు. చురుకైన పిల్లలకు ఈ లెక్క ఇవ్వండి, రెండు రోజులు తిండి కూడా మరిచి చేస్తారు.

మన జిల్లాల్లో ఈ పాఠం ఇంతటితో ఆగకూడదు. మేనరికం మనకు ఇంటి విషయం. పిల్లల ఇళ్ల సంగతి అడగకుండా, నల్లబల్ల మీద గీసిన కల్పిత కుటుంబంతోనే దీన్ని చెప్పొచ్చు. ఒక తాతలో ఒక అంతర్గత జబ్బు జన్యువు ఒకే ప్రతి ఉంది, ఆయన ఆరోగ్యంగానే ఉన్నాడు. ఆయన కొడుక్కి, కూతురి కూతురిని ఇచ్చి పెళ్లి చేశారు. నాణెం ఎగరేయండి. బొమ్మ పడితే జన్యువు దాటినట్టు. తాత నుంచి కొడుక్కి ఒకటి, తాత నుంచి కూతురికి ఒకటి, కూతురి నుంచి మనవరాలికి ఒకటి, చివరగా ఈ దంపతులిద్దరి నుంచి బిడ్డకు ఒక్కోటి. ఐదుసార్లూ బొమ్మే పడితే బిడ్డకు జబ్బు: 32లో ఒకటి. మేనమామ కొడుకు, మేనత్త కూతురు అయితే ఆరుసార్లు, 64లో ఒకటి. అదే కొడుక్కి బయటి సంబంధం చేస్తే, బయట నూటికి ఒక్కరిలో ఆ జన్యువు ఉందనుకున్నా, 800లో ఒకటి. నలభై మంది తరగతిలో ఒక్కొక్కరు ఎనిమిది సార్లు ఈ ఐదు ఎగరేతలూ చేస్తే 320 కల్పిత బిడ్డలు, అందులో సుమారు పది మందికి జబ్బు వస్తుంది. మేనరికంలో ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే ఎందుకు ఉంటారో, అయినా డాక్టర్లు ఎందుకు వద్దంటారో రెండూ ఒకే లెక్కలో తెలుస్తాయి. తరగతిలో మేనరికపు పిల్లలు ఉండనే ఉంటారు. వాళ్ల తల్లిదండ్రులు తప్పు చేశారన్న మాట టీచరు నోటి నుంచి రాకూడదు, పక్క పిల్లల నోటి నుంచి వస్తే అక్కడే ఆపాలి.

పలమనేరు, వి.కోట వైపు టమాటా రైతుల పిల్లలకు హైబ్రిడ్ విత్తనం ఏటా ఎందుకు కొనాలో, మామిడి తోటల వాళ్ల పిల్లలకు టెంక నాటితే తోతాపురి ఎందుకు రాదో, అంటు ఎందుకు కట్టాలో ఈ కంకి తర్వాత ప్రశ్నగా వేస్తే జవాబు వాళ్లే చెబుతారు.

ఇదంతా ప్రతి బడీ విడిగా పండించుకోవాలని నేను అనను. స్థలం లేని బడులున్నాయి, నీళ్లు లేని బడులున్నాయి. మొదటి తరం నున్న గింజలు చేతిలో ఉంటే, ఒక్క సెంటు నేలలో పైన చెప్పిన దూరాలతో దాదాపు 330 మొక్కలు పడతాయి. పురుగుకూ పక్షులకూ పోగా 250 మంచి కంకులు మిగిలినా 250 ఉన్నత పాఠశాలలకు తలా ఒకటి. తిరుపతిలో వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది, విత్తనాన్ని శుద్ధంగా పండించడం వాళ్లకు నిత్యం చేసే పని. విద్యాశాఖ అడిగితే వాళ్లు నాలుగైదు సెంట్లలో ఈ రెండు పంటలు తీసి, బడికి మూడు 3:1 కంకులు, ఒక 1:1 కంకి, తల్లిదండ్రుల కంకులు ఒక్కోటి, మొదటి తరం కంకి ఒకటి డబ్బాలో పెట్టి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో పంచవచ్చు. డబ్బా మీద విత్తిన తేదీ, కోసిన తేదీ, వాడిన రకాల పేర్లు తప్పక రాయాలి. అంకెలు తేడాగా వచ్చిన బడి ఎక్కడ పొరపాటు జరిగిందో వెతుక్కోవడానికి అవే ఆధారం. జూన్‌లో విత్తాలంటే మే నెలలోపే ఈ నిర్ణయం జరగాలి. జిల్లా విద్యాశాఖాధికారులు, వ్యవసాయ కళాశాల పెద్దలు మీ పత్రిక ద్వారా ఈ విన్నపాన్ని గమనిస్తారని ఆశిస్తున్నాను.

– జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, తిరుపతి